శిశురక్షణమున జోస్యపు గణితము

శిశుసంక్షేమ శాఖలను నడుపు పాలకులలోను, వారికి సలహాలొసగు పండితులలోను, తలిదండ్రుల చేతులలో బిడ్డ మరణించిన వార్త వెలువడినప్పుడెల్ల కలము చేతబట్టు పత్రికా రచయితలలోను ఇటీవలి కాలమున ఒక అభిప్రాయము బలపడి, నేడది విమర్శకు అతీతమైన సత్యమువలె చెలామణి యగుచున్నది. కుటుంబమును గూర్చి ప్రభుత్వ దస్త్రములలో పోగుపడిన సమాచారమునంతయు కంప్యూటరునకు అప్పగించినచో, ఆ యింటి బిడ్డకు మున్ముందు హింస సంభవించునో సంభవింపదో అది మనుష్యునికంటె నిశ్చితముగాను, నిష్పక్షపాతముగాను, నిమిషములో చెప్పగలదనియు, అట్టి సాధనము అందుబాటులో నుండగా దానిని త్రోసిపుచ్చి, అలసిన ఉద్యోగి ఊహకు పసిప్రాణమును వదలివేయుట క్షమింపరాని అపరాధమనియు ఆ అభిప్రాయసారము. దీనిని వెలిబుచ్చువారు దుష్టులు కారు. వారిలో పెక్కండ్రు పిల్లలయెడ నిజమైన కరుణ గలవారే. కాని వారి సిద్ధాంతము అసత్యమనియు, అసత్యమగుటచేతనే అది పిల్లలకు కీడు చేయుచున్నదనియు నా దృఢవిశ్వాసము. యంత్రమునకు బిడ్డ భవిష్యత్తు తెలియదు. బీదవారియెడ కార్యాలయము ఇంతవరకు ఎట్లు ప్రవర్తించినదో అది మాత్రమే దానికి తెలియును. ఆ ప్రవర్తననే అది రేపటి జోస్యముగా మనకు తిరిగి వినిపించుచున్నది.

ఈ ఆశ ఎట్లు పుట్టినదో ముందుగా చెప్పుట న్యాయము. 1946లో జాన్ కేఫీ అను అమెరికా దేశపు ఎక్స్‌రే వైద్యుడు, కపాలములో రక్తము గూడిన పసిబిడ్డలు కొందఱి పొడవాటి ఎముకలలో కారణము తెలియరాని విఱుగుళ్లను గుర్తించి ప్రకటించెను. 1962లో కొలరాడో రాష్ట్రమందలి డెన్వరు నగరములో హెన్రీ కెంప్, ఆయన సహచరులు, అట్టి గాయములు పెక్కింటికి కారణము ఇంటిలోని పెద్దల చేతిదెబ్బయే యని వైద్యలోకము ఎదుట నిర్భయముగా నిలువబెట్టిరి. ఐదాఱేండ్లలో అమెరికా రాష్ట్రములన్నియు, బిడ్డపై అట్టి అనుమానము కలిగిన వైద్యుడు ప్రభుత్వమునకు తెలియజేయవలెనని చట్టములు చేసినవి. ఇది మహోపకారము, దీనిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అయితే ఎక్స్‌రే ఫలకముపై కానవచ్చినది జరిగిపోయిన గాయము. ఆ చూపు సాధించిన విజయమునుండియే జరుగని గాయమును గూడ చూడవలెనను కోరిక మొలకెత్తినది. 1970ల నాటికి కెంప్ బృందమే ప్రసవగృహములో నిలిచి, అప్పుడే పుట్టిన బిడ్డను తల్లి ఎట్లు చూచుచున్నదో, ఎట్లు తాకుచున్నదో గమనించి, ఆమె రేపు ఎట్టి తల్లి కాగలదో నిర్ణయించుటకు పూనుకొన్నది.

ఇంగ్లండులో ఈ కోరికను పెంచినవి విచారణ సంఘములు. 1973లో మరియా కోల్వెల్ అను బాలిక, 2000లో విక్టోరియా క్లింబీ అను బాలిక, తమను కాపాడవలసిన సంస్థలన్నియు కన్నులు తెఱచియుండగనే ఇంటిలో హింసింపబడి మరణించిరి. అట్టి మరణమును గూర్చి చదివిన మనుష్యునికి నిద్ర పట్టదు; ముందే ఎవ్వరును ఏల గ్రహింపలేదను ప్రశ్న సహజముగా లేచును. కాని ఆ ప్రశ్నకు సమాధానము ఆ విచారణలలోనే యున్నది. విక్టోరియా విషయమున లార్డ్ లామింగ్ 2003లో సమర్పించిన నివేదిక, ఆ బాలికను రక్షించుటకు కనీసము 12 అవకాశములు చేతికందియు జారిపోయినట్లు నిర్ణయించినది. ఆమె ఆసుపత్రులలో చేరినది, పోలీసులకు తెలిసినది, సంక్షేమోద్యోగుల దస్త్రములకు ఎక్కినది. ఆమె ఆపద భవిష్యత్తులో దాగియున్న రహస్యము కాదు. అది ఆమె దేహముపై నుండెను. చూడవలసినవారు పోయి చూడలేదు. చూచినవారు ఒకరితో నొకరు చెప్పుకొనలేదు. ఈ పాఠమును నేర్చుకొనుటకు మాఱుగా, చూపు లేనిచోట జోస్యమును నిలుపుదమని కొందఱు తీర్మానించిరి.

ఆ తీర్మానమునకు నేడు ప్రపంచములో మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, పిట్స్‌బర్గ్ నగరము గల అల్లెఘెనీ కౌంటీలో నున్నది. అచ్చట శిశుపీడనమును గూర్చి హాట్‌లైనుకు ఫోను రాగానే, దానిని స్వీకరించిన ఉద్యోగి ఫిర్యాదు వివరములు నమోదు చేసి, కంప్యూటరును ప్రశ్నించును. అది కౌంటీ వారి సమాచార భాండారమును గాలించి, ఆ కుటుంబమునకు 1 మొదలు 20 వఱకు ఒక స్కోరును ప్రదర్శించును. 2016 ఆగస్టులో ప్రారంభమైన ఈ సాధనమును న్యూజీలాండుకు చెందిన అర్థశాస్త్రవేత్త రీమా వైద్యనాథన్, అమెరికాకు చెందిన ఎమిలీ పట్నమ్ హార్న్‌స్టీన్ ప్రభృతుల బృందము నిర్మించినది. స్కోరు మిక్కిలి హెచ్చినచో, పైయధికారి ప్రత్యేకముగా వలదన్న తప్ప, విచారణకు పోవుట తప్పనిసరి యగునట్లు నియమము చేసిరి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకును ఇట్టి హాట్‌లైనులు దూరపు సంగతి కావు. బిడ్డను బడిలో చూచు ఉపాధ్యాయినికిని, ఆసుపత్రిలో చూచు వైద్యునికిని అనుమానము తోచినచో ఫిర్యాదు చేయుట అచ్చట చట్టవిధి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఆ స్కోరు దేనిని జోస్యము చెప్పుచున్నది? బిడ్డకు దెబ్బ తగులునా యని కాదు, ఆకలితో మాడునా యని కాదు. హింస అనునది మూసిన తలుపుల వెనుక జరుగునది గనుక, దానికి సరియైన లెక్క ఎచ్చటను లేదు. లెక్క లేనిదానిని యంత్రమునకు నేర్పుట అసాధ్యము. అందుచేత దాని స్థానమున లెక్కకు చిక్కు వేఱొకదానిని నిలిపిరి: ఫిర్యాదు వచ్చిన తరువాత రెండేండ్లలోగా ఆ బిడ్డను ఇంటినుండి తొలగించి ఫోస్టరు సంరక్షణలో ఉంచుదురా, లేదా? మొదట, ఆ కుటుంబముపై మరల ఫిర్యాదు వచ్చునా అను రెండవ లక్ష్యము గూడ నుండెను. పిమ్మట దానిని విడిచిరి. బిడ్డను తొలగించువారెవ్వరు? అదే కౌంటీ ఉద్యోగులు, అదే కౌంటీ న్యాయస్థానము. అనగా గతములో ఈ కార్యాలయము ఎట్టి కుటుంబములనుండి బిడ్డలను తీసికొన్నదో గమనించి, అట్టి కుటుంబములనుండియే ఇకముందును తీసికొనునని యంత్రము చెప్పుచున్నది. ఆ జోస్యమును విన్న ఉద్యోగి ఆ యింటికే పోవుచున్నాడు. పోయినవాడు ఏదో యొకటి చూడకపోడు. చూచినది దస్త్రమునకు ఎక్కును. దస్త్రము మరల యంత్రమునకు ఆహారమగును. నిన్నటి ఉద్యోగులు అన్యాయము చేసియుండినచో, ఆ అన్యాయము గణితశాస్త్రపు ముద్రతో రేపటి ఉద్యోగుల చేతికి వచ్చును. పదివేలసార్లు చేసిన పొరపాటును సగటు తీసినంతమాత్రమున అది సత్యముగా మాఱదు.

ఆ భాండారములో నున్నదెవరి సమాచారమో చూడుడు. ప్రభుత్వపు మానసిక వైద్యశాలకు పోయినవారిది, మత్తుమందుల వ్యసనమునకు ప్రభుత్వ వ్యయముతో చికిత్స పొందినవారిది, చెఱసాలకు పోయినవారిది, ప్రజాసహాయము గైకొన్నవారిది, బాల్యములో తామే శిశుసంక్షేమ శాఖ చేతులలో పెరిగినవారిది. ధనవంతురాలగు తల్లి దుఃఖరోగమునకు సొంత బీమాతో ఏకాంత వైద్యుని యొద్ద చికిత్స పొందును. ఆమె భర్త మద్యవ్యసనమును పర్వతప్రాంతపు ఆశ్రమములో మాన్పించుకొనును. ఆ దంపతుల జాడ భాండారములో లేదు. అదే రోగమునకు సర్కారు వైద్యశాలకు పోయిన బీదతల్లి, బిడ్డ మేలు కోరియే చికిత్సకు పోయినను, ఆ పోవుటయే ఆమెపై సాక్ష్యమైనది. వర్జీనియా యూబ్యాంక్స్ అను రచయిత్రి 2018లో ఈ కౌంటీని గూర్చి వ్రాయుచు, బీదకుటుంబపు పెంపకమునే చెడ్డ పెంపకముగా యంత్రము లెక్కించుచున్నదని చేసిన విమర్శకు సమర్థులు ఇచ్చిన సమాధానములు నాకు తృప్తి కలిగింపలేదు. వాననీటిని కొలుచు పాత్రలన్నిటిని కూలివాడలలోనే ఉంచి, ఊరిలో వాన యంతయు అచ్చటనే కురిసినదని నివేదిక వ్రాయుట ఎంత సమంజసమో, ఈ పరిశీలనమును అంతియే. అంతేకాదు, సాధనపు లక్షణములలో కొన్ని 'ఎప్పుడైనను' అను రూపములో నున్నవి: పదియారేండ్ల ప్రాయమున బాలనేరస్థుల పర్యవేక్షణలో ఒకమాఱు చిక్కినవాడు, నలువదియేండ్లవాడై, బిడ్డలను ప్రాణముగా పెంచుచున్నను, ఆ గుర్తు చెరగదు. మనుష్యుడు మాఱగలడను నమ్మకముపైననే శిశుసంక్షేమ కార్యమంతయు నిలిచియున్నది. ఆ నమ్మకమునకు ఈ లెక్కలో స్థానము లేదు.

ఇక గణితము. సాధనము ఎంత నిశితమైనదని ఒప్పుకొన్నను, అరుదైన విపత్తును ముందుగా పట్టుటలో ఒక అనివార్యమైన దోషము గలదు. 1955లో మీల్, రోజెన్ అను మనస్తత్త్వవేత్తలు దీనిని స్పష్టపఱచిరి, శిశురక్షణలో ఐలీన్ మన్రో మున్నగువారు పదే పదే హెచ్చరించిరి. పదివేలమంది పిల్లలలో 100 మందికి రాబోవు కాలమున ఘోరహింస కలుగనున్నదని అనుకొందము. హింస కలుగబోవువారిలో నూటికి 90 మందిని గుర్తించునదియు, కలుగనివారిలో నూటికి 90 మందిని సరిగా విడిచిపెట్టునదియు నగు సాధనము మనకు దొరకినదనుకొందము. వాడుకలోనున్న సాధనములు ఈ కల్పిత సాధనమునకు చాల వెనుక నున్నవి. అది 100 మందిలో 90 మందిని పట్టుకొనును. మిగిలిన 9,900 మందిలో నూటికి పదుగురు చొప్పున 990 మందిని అకారణముగా అనుమానించును. మొత్తము 1,080 ఇండ్లపై ఎఱ్ఱగుర్తు పడును. అందులో నిజముగా ఆపదలో నున్నవి 90. అనగా ఉద్యోగి తలుపు తట్టిన ప్రతి 12 ఇండ్లలో 11 నిర్దోషుల యిండ్లు. ఆ ప్రయాసలో కాలమంతయు వ్యయమై పోగా, సాధనము విడిచిపెట్టిన పదుగురు బిడ్డలను గూర్చి ఎవ్వరును తలచరు. తక్కువ స్కోరు వచ్చినది గదా యని నిశ్చింతగా నుందురు. ఈ లెక్కను ఎంతటి గొప్ప కంప్యూటరును తప్పింపజాలదు, ఏలయన దోషము కంప్యూటరులో లేదు, విపత్తు యొక్క అరుదుతనములో నున్నది.

ఇల్లినాయ్ రాష్ట్రము దీనిని అనుభవముతో తెలిసికొన్నది. ఒక సంస్థవారి జోస్యవిధానమును అచ్చటి శిశుసంక్షేమ శాఖ కొని వాడగా, అది 4,100 మందికి పైగా పిల్లలకు మరణమో తీవ్రగాయమో కలుగు సంభావ్యత నూటికి 90 పాళ్లు, అంతకు మించియు నున్నదని ప్రకటించినది. వారిలో తొమ్మిదేండ్లు నిండని 369 మందికి ఏకముగా నూటికి నూఱు పాళ్లని నిర్ణయించినది. అదే కాలమున, ఆ హెచ్చరికలు లేకుండనే పసివారు మరణించుట జరిగినది. 2017 డిసెంబరులో శాఖాధిపతి బెవర్లీ వాకర్, ఆ విధానము చెడ్డ సందర్భములను వేనిని ముందుగా చెప్పుట లేదని బహిరంగముగా ఒప్పుకొని దానిని విరమించినది. నూటికి నూఱు అను మాటను ఒక తల్లి ఎట్లు చదువునో, ఆమె యింటికి పోవు ఉద్యోగి ఎట్లు చదువునో ఆ సాధనమును అమ్మినవారు ఒక్క క్షణమైనను తలచియుందురా?

సమాచారము చాలకపోవుటచేతనే ఈ వైఫల్యములనియు, ఇంకను విస్తారముగా సేకరించినచో జోస్యము ఫలించుననియు కొందఱు చెప్పుదురు. ఈ వాదమునకు 2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు మాథ్యూ సాల్గానిక్ ప్రభృతులు ప్రకటించిన పరిశోధన సమాధానము. అమెరికా మహానగరములలో 2000 ప్రాంతమున పుట్టిన నాలుగువేలకు పైబడిన పిల్లల కుటుంబములనుండి, పుట్టుక మొదలు ఏండ్ల తరబడి పరిశోధకులు స్వయముగా సేకరించిన దాదాపు 13,000 అంశములను 160 బృందముల శాస్త్రజ్ఞులకు అందించి, ఆ పిల్లలు పదునైదేండ్ల వారగునప్పటికి వారి చదువు, కుటుంబపు లేమి, ఇల్లు ఖాళీ చేయవలసివచ్చుట మొదలగు ఆఱు ఫలితములను ముందుగా చెప్పుడని కోరిరి. అందఱిలో మిన్నయైన బృందపు ఫలితమును నిశ్చితమునకు బహుదూరముగా నుండుటయే గాక, నాలుగే అంశములతో చేసిన సాదా లెక్కకంటె స్వల్పముగా మాత్రమే మెఱుగై తేలినది. కుటుంబజీవితమును గూర్చి ఎంత సేకరించినను దాని రేపు మన చేతికి రాదని తెలుపు పరిశోధన ఇంతకంటె ప్రబలమైనది నాకు కనబడలేదు.

ప్రతిపక్షము చెప్పు వాదములలో బలిష్ఠమైనదానిని దాచుట నాకు ఇష్టము లేదు. మనుష్యులు మాత్రము మేలుగా నిర్ణయించుచున్నారా యని వారు ప్రశ్నింతురు. ఉద్యోగి యలసియుండును, భయపడును, నల్లవారియింటిని ఒక కంటితోను తెల్లవారియింటిని మఱొక కంటితోను చూచును. 1954లోనే పాల్ మీల్, నిపుణుని తీర్పుకంటె సంఖ్యాశాస్త్రపు లెక్క తఱచుగా మిన్న యని నిరూపించియుండెను గదా యందురు. మీల్ పండితునిపై నాకు గౌరవమున్నది. తన విద్యకు హద్దులెచ్చటనో అరుదైన విపత్తుల విషయమున ఆయనయే చెప్పినది పైన వ్రాసితిని. ఉద్యోగులలో పక్షపాతము గలదనుటయు సత్యమే. కాని యంత్రము దానిని తగ్గించినదా? కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2022లో అల్లెఘెనీ లెక్కలను పరీక్షించి, యంత్రమును దాని యిచ్ఛకు విడిచినచో నల్లపిల్లలకును తెల్లపిల్లలకును విచారణకు గురియగుటలో నుండు అంతరము నూటికి 20 కాగా, ఉద్యోగులు తమ బుద్ధిని వినియోగించి దానిని 9కి దించిరని కనుగొనిరి. మూడింట నొకపాలు సందర్భములలో ఉద్యోగులు స్కోరుతో ఏకీభవింపనేలేదు. కౌంటీ వారు ఆ లెక్క కేవలము ఊహాత్మకమనిరి. పోనిండు. కొంతకాలము సాంకేతిక లోపముచే కొన్ని కుటుంబములకు స్కోరు తప్పుగా ప్రదర్శింపబడినప్పుడు, ఆ తప్పుడు స్కోరులను ఉద్యోగులు అనుసరించుట తక్కువయైనదని మఱొక పరిశోధన తేల్చినది. కౌంటీ వారే నియోగించిన స్టాన్‌ఫర్డ్ పరిశీలకులు 2019లో కొంత మెఱుగుదలను చూచితిమనిరి గాని, ఉద్యోగుల నిర్ణయములలో ఏకరూపత హెచ్చినదనుటకు ఆధారము కానరాలేదనిరి; ఆ ఏకరూపతయే గదా మొదట చేసిన వాగ్దానములలో ముఖ్యమైనది! మనుష్యుని పక్షపాతమునకు మందుగా తెచ్చిన యంత్రమును ఆ మనుష్యుడే సరిదిద్దవలసివచ్చినప్పుడు, మందు ఏది, రోగి ఎవరు?

హెచ్చు స్కోరు వచ్చిన పిల్లలు గాయములతో ఆసుపత్రికి చేరుట గూడ హెచ్చుగా నున్నదని నిర్మాతలు 2020లో ప్రకటించిరి. ఇది వారి చేతిలోనున్న మంచి సాక్ష్యము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. అయితే అది చెప్పునది సమూహమును గూర్చి. ఇఱుకు గదులలో, పాతబడిన మెట్లపై, కాపలా లేని వీధులలో పెరుగు పిల్లలకు గాయములు హెచ్చుగా తగులునని తెలిసికొనుటకు జోస్యము అక్కఱలేదు. ఆ సమూహములోని ఈ తల్లి, ఈ బిడ్డ విషయమున స్కోరు ఏమియు చెప్పజాలదు. అధికారి తలుపు తట్టునది మాత్రము ఈ తల్లి తలుపునే.

స్కోరు విచారణను మాత్రమే నిర్ణయించుననియు, బిడ్డను తొలగించుట వేఱు ప్రక్రియ యనియు, విచారణవలన నష్టమేమనియు వారు మరల నందురు. విచారణ యన్న నేమో ఎఱిగినవారు ఈ మాట పలుకరు. అపరిచితుడు ఇంటికి వచ్చి, అలమరలు తెఱచి, ఆహారపు పెట్టెలో తొంగిచూచి, బిడ్డ వస్త్రములు తొలగించి ఒడలు పరీక్షించి, ఆ బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టి అమ్మ కొట్టునా, నాన్న త్రాగునా యని యడుగుట. ఆ రాత్రి మొదలు ఆ తల్లి ప్రతి పాదధ్వనికి ఉలికిపడుట. అమెరికాలో పదునెనిమిదేండ్లు నిండులోపల నూటికి 37 మందికి పైగా పిల్లలు ఇట్టి విచారణకు గురియగుదురనియు, నల్లపిల్లలలో ఆ సంఖ్య 53 అనియు 2017లో పండితులు లెక్కించిరి. దేశములోని పిల్లలలో మూడవవంతుకు మించి అనుమానపు నీడలో పెరుగుచుండగా, ఇంకను ఎవరిని అనుమానింపవలెనో తెలియుట లేదని విచారించు శాఖను నేనెట్లు నమ్మగలను? తొలగింపు ఫలితముల మాటకు వచ్చినచో, జోసెఫ్ డాయిల్ 2007లో ఇల్లినాయ్ లెక్కలనుండి, అటో ఇటో యని ఊగిసలాడు సందర్భములలో ఇంటనే నిలిచిన పిల్లలు మేలుగా నుండిరని చూపెను. మిషిగన్‌లో తరువాత జరిగిన మఱొక పరిశోధన, కొలదికాలము బయట నుండి మరల ఇంటికి చేరినవారికి మేలు కలిగినదని తేల్చినది. రెండును శ్రద్ధతో చేసినవే. వీనినిబట్టి తొలగింపు ఒకచోట ఔషధము, ఒకచోట విషము; ఏ బిడ్డకు ఏదియో 1 మొదలు 20 వఱకు గల సంఖ్య చెప్పలేదు. పైగా ఆ సంఖ్య ఎంతయో తలిదండ్రులకు తెలుపరు. వారి న్యాయవాదులకును తెలియదు. తనపై వచ్చిన ఆరోపణను వినుట, దానికి బదులు చెప్పుట దొంగకు సైతము గల హక్కు.

ఈ విధానపు అంతర్వైరుధ్యము న్యూజీలాండులో నగ్నముగా బయటపడినది. 2015లో పుట్టిన పిల్లలందఱికి స్కోరు వేసి, ఎవరికిని ఏ సాయము చేయక రెండేండ్లు వేచి, జోస్యము నిజమగునో లేదో చూతమని అధికారులు ప్రతిపాదింపగా, మంత్రిణి ఆన్ టోలీ ఆ కాగితముపైననే, వీరు పిల్లలు గాని ప్రయోగశాలలోని ఎలుకలు కారని వ్రాసి దానిని నిలిపివేసెను. ఆమె చేసినది సరియే. కాని శాస్త్రదృష్టితో ఆలోచింపుడు: జోస్యమును నిజముగా పరీక్షింపవలెనన్న చేయి కట్టుకొని చూచుచుండవలెను, అది క్రూరము, సాయము చేసినచో జోస్యము తప్పినదో, సాయము ఫలించినదో తెలియనే తెలియదు. డెన్మార్కులో గ్లాడ్సాక్సె పురపాలక సంఘము తలిదండ్రులకు మార్కులు వేయ సంకల్పించినది: మానసిక వ్యాధికి 3,000, వైద్యుని దర్శనము తప్పినందులకు 1,000, నిరుద్యోగమునకు 500, దంతవైద్యుని యొద్దకు పోకున్న 300. ప్రజలు విని నిర్ఘాంతపోగా ఆ సంకల్పము విడువబడినది. అల్లెఘెనీని చూచి తామును ఆరంభించిన ఓరెగన్ వారు 2022లో దానిని మానిరి.

మన యొద్ద ఇట్టి సాధనము శిశురక్షణలో ఇంకను నెలకొనలేదు. కాని ద్వారము తెఱచియేయున్నది. తెలంగాణలో కంప్యూటరు నిర్ణయముపై, ఇంటికి పోయి చూడకుండ దాదాపు 19 లక్షల రేషను కార్డులు రద్దుకాగా, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వానినన్నిటిని మరల క్షేత్రపరిశీలన చేయవలసినదని ఆదేశించినది. మరల చూచినప్పుడు అర్హులై యుండియు అన్నము కోల్పోయినవారు వేల సంఖ్యలో తేలిరి. కార్డును మరల ఈయవచ్చును. రెండేండ్లు అపరిచితుల యొద్ద పెరిగి తల్లి ముఖము మఱచిన బిడ్డకు ఆ రెండేండ్లను ఎవరీయగలరు? విశాఖపట్నము జిల్లాలో, బడి మానబోవు పిల్లలను ముందుగా గుర్తించుటకు మైక్రోసాఫ్ట్ వారి సాయముతో చేసిన యత్నమును నేనింతగా ఖండింపను; అచ్చట లెక్క తప్పినచో, బడి మానని పిల్లవానియొద్దకు ఉపాధ్యాయుడు ఒకమాఱు హెచ్చుగా వచ్చును, అంతియే. తప్పునకు వెల ఎవరు చెల్లింతురను ప్రశ్నయే ఈ రెంటికి గల భేదము. మన 2015 నాటి బాలన్యాయ చట్టము, బిడ్డను సంస్థలో ఉంచుట చిట్టచివరి మార్గమని స్పష్టముగా శాసించినది. బాలల సంక్షేమ సమితిలో అధ్యక్షునితో కలిపి ఐదుగురు మనుష్యులు కూర్చుండి, సామాజిక విచారణ నివేదికను చదివి, బిడ్డ మాట విని నిర్ణయింపవలెనన్నది. ఆ యైదుగురి ముందు ఒక సంఖ్యను నిలిపినచో వారు నివేదికను ఎంత శ్రద్ధగా చదువుదురో ఊహింపవచ్చును.

అట్లయిన ఏమి చేయవలెనని అడుగువారికి నా సమాధానము కొత్తది కాదు. ఫిర్యాదు వచ్చిన చోటికి తీరిక గల ఉద్యోగి పోయి చూడవలెను; అమెరికా శిశుసంక్షేమ సంఘము విచారణాధికారికి నెలకు 12 కేసులకు మించరాదని ఏనాడో చెప్పినది. దెబ్బ కానవచ్చినచో చట్టము కఠినముగా పనిచేయవలెను, అందులో నాకు జాలి లేదు. కాని అచ్చట నమోదగు శిశుపీడన కేసులలో ఇంచుమించు నాలుగింట మూడుపాళ్లు దెబ్బలు కావు, నిర్లక్ష్యము. ఆ నిర్లక్ష్యములో ఎంతో భాగము అద్దె కట్టలేనితనము, బిడ్డను చూచుకొనువారు లేక పనికి పోవుట, చలికాలమున ఇంటిలో వెచ్చదనము లేకపోవుట. కనీస వేతనము గంటకు ఒక డాలరు పెరిగినచో నిర్లక్ష్యపు ఫిర్యాదులు నూటికి 9.6 వంతున తగ్గినవని 2017లో రాయిస్సియన్, బుల్లింగర్ అను పరిశోధకురాండ్రు చూపిరి. విస్కాన్సిన్‌లో తండ్రులు చెల్లించు పోషణధనమును ప్రభుత్వము మినహాయించుకొనక తల్లులకు పూర్తిగా అందజేసిన ప్రయోగములో, ఆ తల్లులపై విచారణకు స్వీకరింపబడిన ఫిర్యాదులు తగ్గినవి. ఏ పేదఱికపు గుర్తులను చూచి యంత్రము స్కోరును పెంచుచున్నదో, ఆ పేదఱికమును కొంచెము సడలించినంతనే ఫిర్యాదే తగ్గుచున్నది.

అల్లెఘెనీ కౌంటీ వారు దీనినెఱుగక పోలేదు. నవజాత శిశువుల కుటుంబములకు 2020 నుండి స్వచ్ఛందముగా సాయమందించుచున్నారు, అది మంచిదే. కాని ఎవరికి హెచ్చు సాయమో నిర్ణయించుటకు అచ్చటను రిస్కు లెక్కయే వేయుచున్నారు. మన గ్రామములో ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డయింటికి ఆఱుమాఱులు పోవును; ధనికునింటికిని, కూలివానియింటికిని పోవుటచేత ఆమె రాకను ఏ తల్లియు నింద యని భావింపదు. అల్లెఘెనీ భాండారములో తల్లులు ప్రజాసహాయము గైకొన్న వివరములు నమోదై యున్నవి. ఒక తల్లికి ఆ సహాయము నిలిచిపోయినదనుకొందము. ఆమెపై ఫిర్యాదు వచ్చువఱకు వేచి, ఆమె యింటికి స్కోరు వేయనేల? ఆ నమోదు ఆధారముగనే, ఆ వారములోనే, ఆమె అద్దెను చెల్లింపవచ్చును.